క్లారినెట్ కేడెన్జా: వెతకడం, విని రాసుకోవడం, సొంతంగా రాయడం (రోసినీ వేరియేషన్స్ ఉదాహరణతో)

కేడెన్జా అంటే తోడు వాద్యాలు ఆగిపోయి, సోలో వాద్యకారుడు ఒక్కడే వాయించే భాగం. స్కోర్‌లో దాని చోటు చూపేది ఫెర్మాటా, అంటే ఆగి నిలబడమనే గుర్తు. ఒపెరా రచయిత రోసినీ పేరుతో అచ్చయ్యే ‘ఇంట్రడక్షన్, థీమ్ అండ్ వేరియేషన్స్’ నేర్చుకుంటున్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. రికార్డింగ్‌లో విన్న కేడెన్జా నా పుస్తకంలో లేదేం? అది ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతే విని ఎలా రాసుకోవాలి? నేనే రాస్తే తప్పా? చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: తప్పు కాదు. కేడెన్జా చోటు ఉన్నదే అందుకు. కాకపోతే దానికి ఒక క్రమం ఉంది.

ఈ వ్యాసంలో స్వరాలన్నీ బి ఫ్లాట్ క్లారినెట్ వాద్యకారుడు కాగితం మీద చూసేవే. మిడిల్ సి అంటే సి4. వినిపించేది దానికంటే ఒక టోన్ కింద. వేరియేషన్స్ థీమ్ వినిపించేది బి ఫ్లాట్ మేజర్‌లో, మన పార్ట్‌లో ఉండేది సి మేజర్‌లో.

## 1. ఆ ఫెర్మాటా ఏ రకమో ముందు తేల్చుకోండి

క్లారినెట్ పార్ట్ ఒక్కటే ముందు పెట్టుకుని కేడెన్జా గురించి ఆలోచించకండి. పియానో పార్టో, ఫుల్ స్కోరో తెరిచి, ఫెర్మాటా గుర్తు దగ్గర బాస్‌లో ఏ స్వరం ఉందో, పైన ఏ కార్డ్ ఉందో చూడండి.

సాధారణంగా రెండే రకాలు కనిపిస్తాయి.

సిక్స్-ఫోర్ కార్డ్ మీద ఆగితే: బాస్‌లో ఐదో స్వరం, పైన టానిక్ (ఆధార స్వరం) కార్డ్ ఉంటాయి. బి ఫ్లాట్ మేజర్‌లో అయితే పియానో ఎడమ చేతిలో ఎఫ్, పైన బి ఫ్లాట్ కార్డ్. ఇది పూర్తి స్థాయి కేడెన్జాకు చోటు. ఇక్కడ మొదలై, డామినెంట్ సెవెంత్ (ఐదో స్వరం మీద కట్టే నాలుగు స్వరాల కార్డ్) దాకా నడిచి, ట్రిల్‌తో (పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడంతో) ముగుస్తుంది.

డామినెంట్ సెవెంత్ మీద ఆగితే: ప్రయాణంలో సగం అప్పటికే అయిపోయింది. సాధారణంగా ఇక్కడ చిన్న వంతెన చాలు. దీన్ని జర్మన్‌లో ఐన్‌గాంగ్ అంటారు. రెండు మూడు గమనాలు (స్వరాల పరుగులు), తర్వాతి భాగంలోకి దిగడం, అంతే.

ఈ తేడా తెలియక జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి. మోజార్ట్ క్లారినెట్ కన్‌సర్టో (కె. 622, 1791) మొదటి భాగంలో 127, 315 బార్ల దగ్గర, అడాజియోలో 59వ బార్ దగ్గర ఆగే చోట్లు ఐన్‌గాంగ్‌లకే సరిపోతాయి. అక్కడ నిమిషం పాటు విన్యాసాలు చేస్తే వినేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. రోసినీ వేరియేషన్స్ వేరు సంగతి. అది ప్రదర్శన కోసమే పుట్టిన రచన. ఇంట్రడక్షన్ చివర చిన్నది, మొత్తం ముగిసే ముందు పెద్దది వాయించడానికి వీలుంటుంది.

మొదలుపెట్టే ముందు ఇవి రాసిపెట్టుకోండి:

- ఫెర్మాటా ఉన్న బార్ నంబర్
- బాస్ స్వరం, కార్డ్ పేరు
- ఫెర్మాటా తర్వాత మొదటి బార్‌లో క్లారినెట్ ఏ స్వరంతో మొదలవుతుంది
- ఆ బార్ టెంపో
- ఫెర్మాటాకు ముందు ఊపిరి తీసుకునే వ్యవధి ఉందా లేదా

మూడోది మరిచిపోవద్దు. మీ కేడెన్జా ఎక్కడికి చేరాలో చెప్పేది ఆ ఒక్క స్వరమే.

## 2. దొరికేవన్నీ పోగుచేయండి

మొదట పాత ఎడిషన్లు. కాపీరైట్ తీరిన స్కోర్లు ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్కోర్ల భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఒకే రచనకు రెండు మూడు ఎడిషన్లు దొరికితే అన్నీ దించుకుని ఫెర్మాటా పేజీలు పక్కపక్కన పెట్టండి. చిన్న సైజు స్వరాలతో అచ్చయిన కేడెన్జా చాలాసార్లు సంపాదకుడి సూచన మాత్రమే. రచయిత రాసింది అనుకుని దానికి కట్టుబడాల్సిన పని లేదు. మోజార్ట్ విషయంలో కొత్త మోజార్ట్ ఎడిషన్ మొత్తం సాల్జ్‌బర్గ్ మోజార్టేయం సంస్థ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది.

తర్వాత, అదే కాలపు వేరే క్లారినెట్ రచనలు. వేబర్ 1811లో మ్యూనిక్ వాద్యకారుడు హైన్‌రిష్ బేర్‌మన్ కోసం రాసిన ఎఫ్ మైనర్ కన్‌సర్టో (ఓపస్ 73) మొదటి భాగంలో, బేర్‌మన్ సొంతంగా చేర్చిన చిన్న భాగం ఒకటి ఉంది. చాలామంది ఇప్పటికీ దాన్ని వాయిస్తారు. మంచి వాద్యకారుడు తన వాద్యం గురించి తనకు తెలిసినదాన్ని స్వరాల్లో ఎలా పెట్టాడో చూడటానికి అది పనికొస్తుంది. లుయీజీ బాస్సీ వెర్డీ ‘రిగొలెట్టో’ మీద రాసిన కచేరీ ఫాంటసీలో కేడెన్జాలన్నీ పూర్తిగా రాసి ఉన్నాయి. వాటిలోంచి మూడు నాలుగు గమనాలు మీ నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకోండి.

ఎక్కువమంది వదిలేసే చోటు మాత్రం గాయకుల పుస్తకాలు. వేరియేషన్స్ థీమ్ ‘లా డోనా డెల్ లాగో’ (1819) ఒపెరాలోని పాట. ఈ క్లారినెట్ రచన నిజంగా రోసినీదేనా అన్న సందేహం ఉంది గానీ, ఆ రాగం మాత్రం ఒపెరా వేదిక నుంచే వచ్చింది. కాబట్టి దీనికి తగిన కేడెన్జా ఎలా ఉండాలో గాయకులే బాగా చెప్పగలరు. పారిస్‌లో రోసినీ ఒపెరాల్లో ప్రధాన పాత్రలు పాడిన లోర్ సాంతి-దామొరో 1849లో తన గాన పాఠ్యగ్రంథం అచ్చువేసింది. మాన్యుయెల్ గార్సియా పాఠ్యగ్రంథం 1840ల్లో వచ్చింది. రెంటిలోనూ కేడెన్జా నమూనాలు ఉన్నాయి. ఫ్రెంచ్ రాకపోయినా నష్టం లేదు, చూడాల్సింది స్వరాలే.

గాయకుల నమూనాలు రకరకాల శ్రుతుల్లో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే ట్రాన్స్‌పోజ్ చేస్తూ (శ్రుతి మార్చి రాస్తూ) కూర్చోకండి. సరిగమల అలవాటు ఉన్నవాళ్లకు ఇక్కడ పని సులువు: ఆ శ్రుతిలోని టానిక్‌ను ‘స’ అనుకుని గమనం మొత్తం స్వరాక్షరాల్లో రాసేసుకోండి. తర్వాత మీ పార్ట్‌లో సి దగ్గర ‘స’ పెట్టి వాయించండి. మ2–ద2–స–గ2 అని రాసుకున్నది ఎఫ్ షార్ప్–ఎ–సి–ఇ ఫ్లాట్ అయి కూర్చుంటుంది.

## 3. రికార్డింగ్ నుంచి విని రాసుకోవడం

కాగితం మీద దొరకని కేడెన్జా నచ్చితే విని రాసుకోవడమే దారి. ఈ క్రమం తప్పకండి.

3.1 శ్రుతి సరిచూడండి. కేడెన్జాకు ముందు ఆర్కెస్ట్రా వాయించిన చివరి కార్డ్ మీకు ముందే తెలుసు. దాన్ని ట్యూనర్‌తో పోల్చండి. ఇప్పటి ఆర్కెస్ట్రాలు ఎ=440 నుంచి 443 దాకా ఉంటాయి. పాతకాలపు వాద్యాలతో వాయించేవాళ్లు ఎ=430 దగ్గర ఉండొచ్చు. పాత డిస్క్‌ల నుంచి తీసిన ఆడియో వేగం తేడా వల్ల ఇంకా దూరం జరిగి ఉంటుంది. ముందు ఫైల్‌నే మీ శ్రుతికి తెచ్చుకోండి. లేదంటే ప్రతి స్వరం దగ్గరా ‘ఇది సి నా, సి షార్పా’ అన్న గందరగోళం తప్పదు.

3.2 వేగం తగ్గించండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులున్నాయి. ‘చేంజ్ టెంపో’ శ్రుతి మార్చకుండా సాగదీస్తుంది. కానీ బాగా నెమ్మదిస్తే స్వరాలు మసకబారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ రెంటినీ మారుస్తుంది. సగం వేగానికి తెస్తే అంతా సరిగ్గా ఒక ఆక్టేవ్ కిందికి దిగుతుంది, ధ్వని మాత్రం శుభ్రంగా ఉంటుంది. వేగమైన గమనాలకు నేను రెండోదే వాడతాను. ఆక్టేవ్ పైకి జరిపి రాసుకోవడం పెద్ద పనేం కాదు.

3.3 స్తంభాలు ముందు పాతండి. మొదటి స్వరం నుంచి వరుసగా రాయొద్దు. నిలబెట్టిన స్వరాలు, ఊపిరి తీసిన చోట్లు, ప్రతి గమనం మొదటి స్వరం, చివరి స్వరం, చివరి ట్రిల్. వీటిని మాత్రమే సెకన్ల గుర్తులతో రాసుకోండి. కేడెన్జా ఆకారం ఇక్కడే తెలిసిపోతుంది.

3.4 మధ్య స్వరాలను లెక్కపెట్టండి. సగం వేగంలో, వీలైతే పావు వేగంలో, వేవ్‌ఫామ్ చూస్తూ లెక్కించండి. జి3 నుంచి సి6 దాకా ఎక్కిన గమనంలో 30 స్వరాలు ఉంటే అది పూర్తి క్రోమాటిక్ (ప్రతి అర్ధస్వరం మీదుగా నడిచేది). 18 ఉంటే సి మేజర్ స్కేల్. 24, 25 వస్తే కొంత దూరం స్కేల్, కొంత దూరం క్రోమాటిక్ అయి ఉండొచ్చు, కలిసే చోటు వెతకండి. చెవి ఒక్కదాన్నే నమ్ముకోవడం కంటే ఈ లెక్క ఎంతో నయం.

3.5 సాఫ్ట్‌వేర్‌ను సాక్షిగా పిలవండి, తీర్పు మాత్రం మీదే. సోనిక్ విజువలైజర్ ఉచితం, స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్వరం ఎంత బలంగా మోగుతోందో చూపే పటం) చూపిస్తుంది. అయితే క్లారినెట్‌తో ఒక చిక్కు ఉంది. కింది స్థాయిలో దీని ధ్వనిలో బేసి హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) బలంగా, సరి హార్మోనిక్స్ బలహీనంగా ఉంటాయి. మూడో హార్మోనిక్, అంటే ఆక్టేవ్ మీద ఐదో స్వరం, బాగా మెరుస్తుంది. ఆటోమేటిక్‌గా రాసిపెట్టే ప్రోగ్రామ్‌లు దాన్ని వేరే స్వరం అనుకుంటాయి. జి3తో పాటు డి5 కూడా కనిపిస్తే ఆ డి5 దయ్యమే, కొట్టేయండి.

3.6 వాయించి చూడండి. రాసింది వేళ్లకు అసాధ్యంగా అనిపిస్తే, చాలావరకు మీరు విన్నదే తప్పు. ఆ వాద్యకారుడికీ ఉన్నవి పది వేళ్లే.

రిథమ్ విషయంలో అతి వద్దు. కేడెన్జాను 64వ వంతుల లెక్కలో పెట్టి రాస్తే చదవడానికి పనికిరాదు. నిలిచేవి తెల్ల స్వరాలు, నడిచేవి నల్ల స్వరాలు, పరిగెత్తేవి రెండు గీతల గుంపులు. చాలు.

ఒక మాట: ఇప్పటి వాద్యకారుడు సొంతంగా కట్టిన కేడెన్జా అయితే దాన్ని ఇంట్లో సాధన చేయడం వేరు, మీ పేరుతో రికార్డ్ చేయడమో అచ్చువేయడమో వేరు. మన చట్టంలో సంగీత రచనకు కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. బహిరంగంగా వాడాలనుకుంటే అనుమతి అడగండి.

## 4. సొంతంగా రాయడం: చివరి నుంచి వెనక్కి

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. మొదటి స్వరం నుంచి మొదలుపెట్టి, తోచినవన్నీ పేర్చి, చివరికి ట్రిల్ దగ్గరికి ఎలా వెళ్లాలో తెలియక ఒక క్రోమాటిక్ స్కేల్‌తో దూకేస్తారు. ఆలాపన అలవాటున్నవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కేడెన్జా రాగాన్ని విప్పి చూపించేది కాదు. ముగియబోతున్న వాక్యాన్ని ముగియనివ్వకుండా పట్టి ఉంచేది. అందుకే ముగింపు ముందు రాయాలి.

4.1 ముగింపు ట్రిల్. సి మేజర్‌లో రెండో స్వరం డి మీద ట్రిల్, చివర సి–డి అని చిన్న తిప్పు, ఆపై సి. ఏ ఆక్టేవ్‌లో? డి5–ఇ5 ట్రిల్‌కు బోమ్ సిస్టమ్ (ఇప్పుడు ఎక్కువగా వాడే మీటల అమరిక) క్లారినెట్‌పై కుడి ఉంగరపు వేలు ఒక్కటే కదులుతుంది. ఎంతసేపైనా, ఎంత మెల్లగానైనా వాయించొచ్చు. డి6 మీద ట్రిల్ మెరుపుగా వినిపిస్తుంది గానీ, టెన్షన్‌లో చేతులు బిగుసుకున్నప్పుడు నమ్మలేం. మొదటి కేడెన్జాకు డి5 తీసుకోండి.

4.2 ట్రిల్‌కు ముందు డామినెంట్ సెవెంత్. జి3–బి3–డి4–ఎఫ్4–జి4–బి4–డి5–ఎఫ్5 అని ఎక్కి, డి5 మీదికి దిగడం. ఈ జి–బి–డి–ఎఫ్ గుంపు స్పష్టంగా వినిపిస్తేనే పియానిస్ట్‌కు, శ్రోతకు ‘ఇక వచ్చేస్తోంది’ అని తెలుస్తుంది. జి4 నుంచి బి4కి దాటేటప్పుడు కుడి చేతి వేళ్లు ముందే మూసి ఉంచండి. జి4 చెడదు, దాటడం సాఫీగా ఉంటుంది.

4.3 దానికి ముందు ఉద్వేగం. ఇక్కడ డిమినిష్డ్ సెవెంత్ రోసినీ కాలానికి బాగా నప్పుతుంది: ఎఫ్ షార్ప్3–ఎ3–సి4–ఇ ఫ్లాట్4, అదే వరుస పైకి పైకి ఇ ఫ్లాట్6 దాకా. మధ్యలో సి5–ఇ ఫ్లాట్5 జంట వస్తుంది. సి5ను ఎడమ చిటికెన వేలితో, ఇ ఫ్లాట్5ను కుడి చిటికెన వేలితో తీసుకోండి. రెండూ కుడి వేలికే ఇస్తే జారాల్సి వస్తుంది. పైన ఇ ఫ్లాట్6 మీద ఒక్క క్షణం ఆగి, క్రోమాటిక్‌గా కిందికి జి3 దాకా దిగితే 4.2కు సరిగ్గా చేరతారు.

బ్యాండ్‌మేళాల్లో ఇప్పటికీ కనిపించే ఆల్బర్ట్ సిస్టమ్ (పాత మీటల అమరిక) క్లారినెట్‌పై ఆ ఎడమ మీట సాధారణంగా ఉండదు. అది వాయించేవాళ్లు ఈ గమనాన్ని సి5 దగ్గర ఆపి, ఊపిరి తీసుకుని, ఇ ఫ్లాట్5 నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. వినడానికి అదీ బాగుంటుంది.

4.4 దానికి ముందు థీమ్ జ్ఞాపకం. థీమ్‌లోని మొదటి నాలుగైదు స్వరాలను కింది స్థాయిలో, నెమ్మదిగా, సన్నని ధ్వనితో వాయించండి. పూర్తి చేయొద్దు. మధ్యలో తెంపేసి మౌనం ఉంచండి. కింది స్థాయిలో క్లారినెట్ అంత మెత్తగా మొదలవ్వగల గాలివాద్యం మరొకటి లేదని నా అభిప్రాయం. దాన్ని వాడుకోకుండా పైనే తిరిగే కేడెన్జాలు వింటే జాలేస్తుంది.

4.5 ఇప్పుడు ప్రారంభం. సిక్స్-ఫోర్ కార్డ్‌లోని జి5 మీద నిలబడి, మెల్లగా పెంచి, జి5–ఇ5–సి5–జి4–ఇ4–సి4–జి3 అని దిగండి. నెమ్మదిగా మొదలై వేగం అందుకోవాలి. మీ స్కోర్‌లో డామినెంట్ సెవెంత్ మీద ఆగుతుంటే ఈ స్వరాలకు బదులు జి–ఎఫ్–డి–బి–జి వాడండి, 4.3 వదిలేయండి.

ఇప్పుడు 4.5 నుంచి 4.1కు వరుసగా వాయిస్తే మొత్తం 30 నుంచి 45 సెకన్లు వస్తుంది. అంతకంటే పొడవు అక్కర్లేదు. గాలివాద్యాల కేడెన్జా ఒక్క ఊపిరిలో అయిపోవాలని ఫ్లూట్ వాద్యకారుడు క్వాంట్స్ 1752లోనే రాశాడు. రోసినీ నాటికి ఆ కట్టుబాటు సడలింది గానీ, ఆ సలహాలోని పొదుపు ఇప్పటికీ మంచిదే.

ఒక నిషేధం: మధ్యలో సి మీద గట్టిగా, బలమైన ముగింపులా దిగకండి. అలా దిగితే కేడెన్జా అక్కడే అయిపోయినట్టు వినిపిస్తుంది, ఆ తర్వాత వాయించేదంతా అదనం.

## 5. కాగితం మీద పెట్టడం

స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితం, సరిపోతుంది. అలాంటిదే అయిన ఫినాలే అభివృద్ధిని దాని సంస్థ 2024లో ఆపేసింది కాబట్టి కొత్తగా దానిలో మొదలుపెట్టకండి. మ్యూజ్‌స్కోర్‌లో ఆ ఒక్క బార్‌ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి దాని అసలు నిడివిని పెంచుకుంటే, టైమ్ సిగ్నేచర్‌తో పని లేకుండా స్వరాలన్నీ ఒకే బార్‌లో పడతాయి.

- షార్ప్, ఫ్లాట్ గుర్తులు ప్రతి గుంపులో మళ్లీ రాయండి. బార్ గీతలు లేని చోట గుర్తు ఎంతదూరం చెల్లుతుందో ఎవరికీ ఖాయంగా తెలియదు
- ఊపిరి గుర్తులు పెట్టండి, ముఖ్యంగా చివరి ట్రిల్‌కు ముందు
- కష్టమైన చోట చిటికెన వేలి సూచన: ఎడమ, కుడి
- పేజీ తిప్పడం కేడెన్జా మధ్యలో రాకూడదు

## 6. తరచూ కనిపించే తప్పులు, వాటికి మందు

అత్యంత వేగమైన గమనం మొదట్లోనే రావడం. దాన్ని మూడో వంతు దాటాక పెట్టండి. మొదట్లో ఒక నిలిచిన స్వరం చాలు.

ఎ క్లారినెట్ కేడెన్జాను బి ఫ్లాట్ పార్ట్‌లో అతికించడం. ఎ క్లారినెట్ మైనర్ థర్డ్ కిందికి వినిపిస్తుంది. కన్‌సర్టో కేడెన్జా తెచ్చుకునేటప్పుడు ఆ పుస్తకం ఏ క్లారినెట్‌దో ముందు చూడండి. వినిపించే శ్రుతి లెక్కనే మార్చుకోండి.

గొంతు స్వరాల మీద నిలబడటం. జి4 నుంచి బి ఫ్లాట్4 దాకా ఉన్న స్వరాలు పలచగా ఉంటాయి. దాటిపోవడానికి వాడండి, ఫెర్మాటా పెట్టకండి.

పైస్థాయి మోజు. జాజ్ వాద్యకారుడు ఆర్టీ షా 1940 నాటి ‘కన్‌సర్టో ఫర్ క్లారినెట్’ చివర ఆకాశంలోకి ఎక్కే స్వరం విని అందరికీ ఆశ పుడుతుంది. అది స్వింగ్ బ్యాండ్ మీదుగా వినిపించడానికి పుట్టిన పద్ధతి. రోసినీలో జి6 దాటకండి. రోజూ వందకు వంద సార్లు రాని స్వరం కేడెన్జాలో ఉండకూడదు.

అన్ని గమనాలూ ఒకే దిశ. మీ కేడెన్జా మీద పెన్సిల్‌తో ఒక గీత గీయండి, స్వరాలు ఎక్కితే పైకి, దిగితే కిందికి. రంపం పళ్లలా ఒకే ఎత్తున వస్తే ఒక గమనాన్ని కోసేయండి.

మౌనం లేకపోవడం. ఏ కేడెన్జాకైనా కనీసం రెండు ఖాళీలు కావాలి. ఊపిరీ అక్కడే తీసుకోవచ్చు.

## 7. పియానిస్ట్‌తో రిహార్సల్

కేడెన్జా మీరు ఒక్కరే వాయిస్తారు గానీ, చెడేది మాత్రం ఎక్కువగా ఇద్దరూ మళ్లీ కలిసే చోటే. చివరి ఏడెనిమిది స్వరాలు, ట్రిల్, తిప్పు — ఇవి పియానో పార్ట్‌లో ఫెర్మాటా పైన చిన్న అక్షరాల్లో రాసి ఇవ్వండి. ‘ట్రిల్ విని వచ్చేయండి’ అంటే చాలదు. మధ్యలో ఇంకో ట్రిల్ ఉంటే ఆయన అక్కడే వచ్చేస్తారు. అందుకే మధ్యలో ట్రిల్ పెట్టకపోవడమే మంచిది. పెట్టాల్సివస్తే డి మీద మాత్రం పెట్టకండి.

ట్రిల్ చివరి తిప్పును తర్వాతి బార్ టెంపోలో వాయించండి. ఆ రెండు స్వరాలే పియానిస్ట్‌కు లెక్క. వాటిని మరీ సాగదీస్తే ఆయనకు దిక్కు తోచదు.

రిహార్సల్‌లో చూడాల్సినవి:

- పియానో లేకుండా మొత్తం కేడెన్జా, ఫోన్‌లో రికార్డ్ చేసి, చివర ట్యూనర్‌తో సరిచూడాలి. పొడవైన సోలోలో శ్రుతి పైకి జరగడం మామూలే
- ఫెర్మాటాకు రెండు బార్ల ముందు నుంచి మొదలుపెట్టి, కేడెన్జా తర్వాత నాలుగు బార్ల దాకా
- ట్రిల్ నుంచి మాత్రమే, మళ్లీ మళ్లీ, పియానిస్ట్ కాగితం చూడకుండా రాగలిగేదాకా
- ఒకసారి కావాలని గమనం మధ్యలో తప్పు చేసి, ఆగకుండా 4.2కు దూకడం. డామినెంట్ సెవెంత్ గుంపు నుంచి ఎత్తుకుంటే పోయిందేమీ ఉండదు, వేదిక మీద ఇదే మీ అత్యవసర ద్వారం

వేదిక మీద గాలి పొడిగా ఉంటే రీడ్ పైస్థాయిలో ఎదురు తిరగొచ్చు. అలాంటి రోజు కోసం ఇ ఫ్లాట్6 బదులు సి6 దగ్గరే వెనక్కి తిరిగే రెండో దారి కూడా రాసి, అదే పేజీలో పైన పెన్సిల్‌తో పెట్టుకోండి.